ఏమీ అడగని డిసెంబరు

ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని విన్నిపెగ్ తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, నేను ఓక్‌విల్‌లో మా ఆఫీసు లంచ్‌రూములో నిలబడి అన్నం వేడి చేసుకుంటున్నాను. ఆ మెసేజ్‌కి సరిగ్గా పైన, క్రిస్మస్ డ్యాన్సు ప్రాక్టీసు శనివారం ఎన్నింటికని ఎవరో స్టూడెంటు అడిగిన ప్రశ్న ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక, ఇంతకీ ఆ చేతులు ఎవరికి జోడించానో నాకే తెలియలేదు. ఆంటీకా, ప్రభువుకా, గ్రూపులో ఉన్నవాళ్లకా?

ఆమె గురించి రాస్తే ఆ గందరగోళం కాస్త తగ్గుతుందేమోనని ఇది మొదలుపెట్టాను. చదివేవాళ్లకి ముందే చెప్పాలి, నేను సాక్ష్యం చెప్పగలిగేంత స్థిరమైన విశ్వాసిని కాను. ఒక డిసెంబరు నెలంతా ఆమె పక్కన కూర్చున్నదాన్ని, అంతే.

ఆంటీ నాకు బంధువు కాదు. గుడివాడ దగ్గర ఒక పల్లెలో పుట్టి, నర్సుగా కెనడా వచ్చి, ముప్పై ఏళ్లు విన్నిపెగ్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. నేను వెళ్లేసరికి అంకుల్ లేరు. ఒక్కతే కూతురు, కాల్గరీలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఇంగ్లీషు చర్చి బేస్‌మెంటు హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. ఒకప్పుడు పది పన్నెండు కుటుంబాలే వచ్చేవట. తర్వాత మాలాంటి స్టూడెంట్లు విమానాల నిండా దిగడం మొదలుపెట్టాక కుర్చీలు చాలక గోడల వెంట నిలబడేవాళ్లం. గుంటూరు వాళ్లు, ఖమ్మం వాళ్లు, కర్నూలు వాళ్లు అందరం ఒకే పాటని మూడు రకాలుగా లాగుతూ పాడేవాళ్లం.

నేను తెనాలి వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. అయినా విన్నిపెగ్‌లో కూడికకి వెళ్లింది భక్తితో కాదు. ఆరాధన అయ్యాక భోజనం పెడతారని, ఎవరో ఒకరు కారులో ఇండియన్ స్టోర్ దగ్గర దింపుతారని. మొదటి ఆదివారం సరిగ్గా ముగింపు ప్రార్థన వేళకి మెల్లగా లోపలికి చేరాను. ఒక పెద్దావిడ, చీర కింద స్నో బూట్లు, పైన మగవాళ్ల కోటు, నా చేతిలో ప్లేటు పెట్టి నెమ్మదిగా అన్నారు.

"ఆకలేస్తే ముందే వచ్చెయ్ అమ్మా. వంటగదిలో ఫ్రిజ్ ఉంది, అందులో పులిహోర ఉంటుంది. పాటలయ్యేదాకా ఆగక్కర్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాతి వారం నుంచి పాటలకి ముందే వెళ్లడం మొదలుపెట్టాను. ఆంటీ ఎవరినీ గుడికి రమ్మని బలవంతపెట్టగా నేను చూడలేదు.

ఏదైనా అడిగితే ఆమె వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఆగు, ఆలోచించనీ" అని నిజంగానే ఆలోచించేవారు. ఫోన్లో అయితే లైను కట్ అయిందేమో అనుకునేవాళ్లం. ప్రార్థనకి కూర్చునే ముందు చేతి వాచీ తీసి హ్యాండ్‌బ్యాగులో వేసేసేవారు. "ముప్పై ఏళ్లు వాచీ చూస్తూ నాడి పట్టుకున్నాను. ఈ కాసేపైనా అది వద్దు" అనేవారు. మా అందరి ప్రార్థన మనవులూ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. అందులో రోగాల కంటే ఇమిగ్రేషన్ ఎక్కువ. ఒకరికి స్టడీ పర్మిట్, ఒకరికి ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్, ఒకరికి ఇంగ్లీషు టెస్టు, ఇంకొకరికి చదువులో భాగంగా చెయ్యాల్సిన కో-ఆప్ ఉద్యోగం. ఒక్కొక్క పేరూ చదివి ప్రార్థించేవారు. ఎవరికైనా పని జరిగితే ఆ పేరు పక్కన చిన్న నక్షత్రం గీసేవారు.

క్రిస్మస్ వస్తే ఫెలోషిప్ మొత్తం ఆమె మీదే నడిచేది. నా మొదటి క్రిస్మస్‌కి డ్రామాలో గొల్లవాళ్ల తలపాగాలు ఇస్త్రీ చేసింది ఆమే, క్వయర్‌కి పాటలు నేర్పింది ఆమే, రెండు వందల మందికి బిర్యానీ దగ్గరుండి చేయించింది ఆమే. హాలంతా కొవ్వొత్తులు పట్టుకుని పాడుతున్నప్పుడు ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, పెదాలతో పాట పాడుతూ కళ్లతో ప్లేట్లు చూసుకుంటున్నారు. అది నాకు బాగా గుర్తుంది. అప్పుడు నాకందులో వింతేమీ కనిపించలేదు. మా అమ్మా అంతే.

మరుసటి సంవత్సరం నవంబరులో ప్రోగ్రాం మీటింగు పెట్టారు. ఫెలోషిప్ సెక్రటరీ గారు పెన్ను తీసుకుని, "ఆంటీ, ఈసారి డ్రామా ఏం వేద్దాం?" అని అడిగారు.

"ఈసారి నేనేమీ చెయ్యనండి."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఆయన పండక్కి ఇన్నేళ్లు వండాను, వడ్డించాను, పాటలు నేర్పాను. ఆయన వచ్చారో లేదో ఒక్కసారి తలెత్తి చూసుకోలేదు. ఈ ఒక్క నెల ఆయన్ని వెతుక్కుంటాను. నన్నొదిలెయ్యండి."

సెక్రటరీ గారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "వెతకడం ఏంటి ఆంటీ, మనం విశ్వాసులం కదా" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆంటీ ఆలోచించారు. "అవునండీ. అదే నాకూ అర్థం కావట్లేదు" అన్నారు.

ఆ రోజుల్లోనే ఆమెకి కంటి ఆపరేషన్ అయి డ్రైవింగ్ వద్దన్నారు. నేను పొద్దున షిఫ్టులో కాఫీ షాపులో చేసి ఒకటిన్నరకి ఖాళీ అయ్యేదాన్ని, నాకు లైసెన్సు ఉంది. రోజూ మూడింటికి తన కారులోనే తనని చర్చికి తీసుకెళ్లగలవా అని అడిగారు. సరే అన్నాను. బయట కూర్చుంటే గడ్డకట్టిపోతాను కాబట్టి లోపలే కూర్చోవాలి. అలా మొదలైంది.

అప్పుడు నా పరిస్థితి కూడా చెప్పాలి. నా చదువు అయిపోయింది. ఒక సెమిస్టర్‌లో జబ్బుచేసి రెండు సబ్జెక్టులు వదిలేశాను. దానివల్ల నాకు వర్క్ పర్మిట్ వస్తుందో రాదో తెలియకుండా పోయింది. వివరణ ఇమ్మని ఇమిగ్రేషన్ వాళ్లు ఉత్తరం పంపారు, నేను జవాబు పంపాను, ఇక ఎదురుచూపే. రాకపోతే వెనక్కి వెళ్లాల్సిందే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆంటీకి మాత్రం చెప్పి, "ప్రార్థన చెయ్యండి" అన్నాను.

మొదటి రోజు కారు దిగే ముందు ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"నోటుబుక్కు ఇంట్లో పెట్టి వచ్చానమ్మా. నీ పేరు నవంబరు దాకా రోజూ చదివాను, జనవరి నుంచి మళ్లీ చదువుతాను. ఈ నెల మాత్రం ఎవరి కోసమూ ఏమీ అడగను. నా కోసం కూడా. నీకు చేతనైతే నువ్వూ అడక్కు. ఒక్క నెల ఆయనే కావాలని అడుగుదాం."

నాకు ఒళ్లు మండింది. అడగాల్సిన నెలంటూ ఉంటే అది ఇదే కదా. కానీ పెద్దావిడ, పైగా కారు ఆమెది. తలూపాను.

బేస్‌మెంటులో కాదు, పైనున్న పెద్ద గుడిలో కూర్చునేవాళ్లం. ఎవరూ ఉండేవారు కాదు. హీటర్ గొట్టాలు టిక్కుటిక్కుమనేవి. ఆంటీ మూడో బెంచీలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. చదవరు, పాడరు. నేను పక్కన కూర్చుని బూట్ల మీద మంచు కరగడం చూసేదాన్ని. రెండో రోజు ఉండబట్టలేక, "ఇక్కడ ఏం చెయ్యాలి ఆంటీ?" అని అడిగాను.

"ఏమీ చెయ్యకు. ఇన్నాళ్లూ చేసిందే చాలు. నిన్ను చూడాలని ఉంది ప్రభువా అని చెప్పు. నిజంగా ఉందో లేదో కూడా ఓసారి చూసుకో."

చూసుకున్నాను. లేదు. నాకు చూడాలని ఉన్నది వర్క్ పర్మిట్. ఆమె కళ్లు మూసుకోగానే నేనూ మూసుకుని రోజూ అదే అడిగేదాన్ని. దొంగతనం చేస్తున్నట్టు, పెదాలు కదపకుండా.

ఒకరోజు ఆమె మెల్లగా గురక పెట్టారు. లేచాక, "నిద్రపోయాను కదూ" అన్నారు. అవునన్నాను. "పర్లేదులే. నిన్ను వెతకడానికొచ్చి నిద్రపోయాను స్వామీ అని చెప్పుకున్నాను." ఇంకోరోజు తిరిగి వస్తుంటే ఉన్నట్టుండి బాలయేసుని చూడటానికి నక్షత్రం వెంట వచ్చిన జ్ఞానుల సంగతి ఎత్తారు. "అంత దూరం వచ్చారు కదా, బిడ్డని ఏమన్నా అడిగారా? తెచ్చింది ఇచ్చారు, సాగిలపడ్డారు, వెళ్లిపోయారు. మనమైతేనా, ఒంటె దిగీ దిగగానే లిస్టు తీసి చదివేవాళ్లం." అని నవ్వుతూనే కిటికీ వైపు తిరిగిపోయారు. నేను నా గురించే అన్నారేమోనని భుజాలు తడుముకున్నాను.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, షిఫ్టు మధ్యలో, నాకు ఈమెయిల్ వచ్చింది. పర్మిట్ అప్రూవ్ అయింది. మధ్యాహ్నం చర్చి పార్కింగ్‌లో కారు ఆపాక చెప్పాను. ఆంటీ నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆ చేతుల మధ్య నుంచి అబద్ధం చెప్పలేకపోయాను.

"ఆంటీ, నేను రోజూ అడిగాను. మీరు వద్దన్నా సరే."

ఆమె చేతులు తీయలేదు. "నేనూ అడిగాను" అన్నారు.

"నా గురించా?"

"కాదమ్మా. నా గురించి."

రొమ్ములో గడ్డ కనిపించిందట. నెల మొదట్లోనే పరీక్షకి పంపారట. ఆ కబురు కూతురికి కూడా చెప్పలేదు. ఏమీ అడగనని నాతో చెప్పి, ఆ మూడో బెంచీలో కూర్చుని, రిపోర్టు మంచిగా రావాలని రోజూ అడిగారట. అది అడక్కుండా ఉండటానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదట.

"నిన్న వచ్చింది. మంచిది కాదు" అన్నారు. నర్సులు వేరేవాళ్ల రిపోర్టు చెప్పే గొంతుతో చెప్పారు.

నా మొహంలో ఇంకా సంతోషం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇద్దరం పక్కపక్కనే కూర్చుని అడిగాం కదా ఆంటీ. నాకిచ్చి మీకెందుకివ్వలేదు?" అన్నాను. అడగకూడదేమో, కానీ నోట్లోంచి వచ్చేసింది.

"ఆగు, ఆలోచించనీ."

ఆలోచించారు. కారు అద్దాలు లోపల్నుంచి మసకబారాయి. చివరికి సీటు బెల్టు తీసి, "ఇంకా మూడు రోజులున్నాయి. ఇప్పుడు మనిద్దరికీ అడగడానికేమీ మిగల్లేదు కదా. పద" అన్నారు. ఆ రోజు లోపల నేను నిజంగానే ఏమీ అడగలేదు. కానీ అది భక్తో, కోపమో నాకు తెలియదు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం బేస్‌మెంటు హాలు కిక్కిరిసిపోయింది. ఆంటీ లేకుండా చేసిన ప్రోగ్రాం కాబట్టి అన్నీ కాస్త ఆలస్యంగా, గోలగోలగా జరిగాయి. ఆమె చివరి వరుసలో కూర్చున్నారు. నేను వంటగది గుమ్మంలో ప్లేట్ల కట్ట పట్టుకుని ఉన్నాను. ముగ్గురు స్టూడెంట్లు అట్ట కిరీటాలు పెట్టుకుని జ్ఞానుల వేషంలో వచ్చి, పశువుల తొట్టిలోని బాలయేసు బొమ్మ ముందు మోకరించారు. ఒకరి కిరీటం జారి పడితే హాలంతా నవ్వింది.

ఆ నవ్వుల్లో ఆంటీ లేచారు. కుర్చీల వీపులు పట్టుకుంటూ ముందుకి నడిచి, ఆ ముగ్గురి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, ఒక్కో మోకాలూ దించడానికి ఎంతసేపు పట్టిందో. తర్వాత రెండు చేతులూ చాపి, మొహం కార్పెట్‌కి ఆనించి పడుకుండిపోయారు.

నాటకంలో భాగమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో "పడిపోయారు, అంబులెన్సుకి చెయ్యండి" అన్నారు. నర్సింగు చదివే అమ్మాయి పరుగెత్తుకొచ్చి నాడి చూడబోతే, ఆంటీ తలెత్తకుండానే అన్నారు. "నాకేం కాలేదు నాన్నా. మీరు కానివ్వండి."

ఏం కానివ్వాలో ఎవరికీ తెలియలేదు. సెక్రటరీ గారు మైకు తీసుకుని పాట పాడదామన్నారు, కానీ ఏ పాటో చెప్పలేకపోయారు. కిరీటాలు పెట్టుకున్న ముగ్గురిలో ఒకరు లేచి పక్కకి తప్పుకున్నారు. ఒకరు అక్కడే చూస్తూ కూర్చున్నారు. మూడో అబ్బాయి, కిరీటం పడిపోయినవాడు, మెల్లగా తలవంచి నేలకి ఆనించాడు. చిన్నపిల్లలు ఎవరూ చెప్పకుండానే మాట్లాడటం మానేశారు. నేను వెళ్లలేదు. వెళ్లాలనిపించింది, ప్లేట్లు ఎక్కడ పెట్టాలా అని చూస్తూ ఉండిపోయాను.

చాలాసేపటికి ఆమె లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. ఇద్దరు స్టూడెంట్లు చెరో చేయీ పట్టుకుని లేపారు. ఆమె చెంప మీద కార్పెట్ గళ్లు అచ్చుపడి ఉన్నాయి.

భోజనాల దగ్గర అందరూ గుసగుసలే. ఇదంతా చూపించుకోవడమేనని ఒకరు, మతిమరుపు మొదలైందని ఒకరు. సెక్రటరీ గారు నన్ను పక్కకి పిలిచి, "ఆంటీకి డిప్రెషనా? నీకేమైనా చెప్పారా?" అని అడిగారు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆంటీ అప్పటికే నా దగ్గర మాట తీసుకున్నారు. "తెలీదండీ" అన్నాను. ఆమెని వెనకేసుకొచ్చే అవకాశం అదొక్కటే, దాన్ని అలా వదిలేశాను.

ఇంటికి తీసుకెళ్తూ అడిగాను. "ఆయన కనిపించారా ఆంటీ?"

మూడు సిగ్నళ్లు దాటాక జవాబు చెప్పారు. "కార్పెట్ వాసనొక్కటే తెలిసిందమ్మా. కానీ నేను మాత్రం మొత్తం అక్కడే ఉన్నాను. వంటగదిలో సగం, గుడిలో సగం కాకుండా. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి అనుకుంటా."

జనవరిలో ఆపరేషన్, తర్వాత కీమో. జుట్టు ఊడిపోయిన తలకి ఉన్ని టోపీ పెట్టుకుని మళ్లీ నోటుబుక్కు తెరిచి స్టూడెంట్ల పేర్లు చదివేవారు. ఆ వేసవిలో నాకు ఓక్‌విల్‌లో ఉద్యోగం వచ్చి వచ్చేశాను. ఇక్కడ మొదట్లో రెండు మూడు చర్చిలకి వెళ్లాను. తర్వాత ఒక ఆదివారం మానేశాను, తర్వాత అన్నీ మానేశాను. ఎవరి మీదా కోపం లేదు. అడిగింది దొరికింది, అంతే. ఆమెకి అడిగింది దొరకలేదు. ప్రతి డిసెంబరూ, ఎవరో ఒకరు కారులో తీసుకెళ్తే, అదే మూడో బెంచీలో కూర్చున్నారు. నాకు దీని లెక్క ఎప్పటికీ అందదు.

జబ్బు ఈ ఏడాది తిరగబెట్టింది. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు గొంతు బాగా సన్నబడిపోయింది. నేను మొహమాటపడకుండా అడిగేశాను. "ఆయన నాకు అన్నీ ఇచ్చారు, నేను గుడి మానేశాను. మీకివ్వలేదు, మీరు వెళ్తున్నారు. ఎందుకాంటీ?"

ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. "నాకూ అర్థం కాదమ్మా. అర్థమయ్యాక వెళ్దాంలే అనుకుంటే డిసెంబరు దాటిపోతుంది."

డిసెంబరు మొదటి వారంలోనే ఆమె వెళ్లిపోయారు.

అంత్యక్రియలకి విన్నిపెగ్ వెళ్లాను. ఆమెని ఎన్నడూ చూడని కొత్త స్టూడెంట్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. సెక్రటరీ గారు మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయారు. "ఆ క్రిస్మస్ రోజు నాకు కోపం వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో నాకిప్పటికీ తెలీదు. కానీ అప్పట్నుంచి పాట పాడేటప్పుడు నేను పాడుతున్నానా లేదా అని చూసుకుంటున్నాను" అని కూర్చుండిపోయారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచాను. వందనాలు అని చెప్పి కూర్చున్నాను.

అంతా అయ్యాక పార్కింగ్‌లో ఆంటీ కూతురు నా దగ్గరికి వచ్చింది. కాల్గరీలో ఇంజనీరు, గుడికి వెళ్లే మనిషి కాదు, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటానికి తడుముకుంటుంది. చివరి రోజు పొద్దున తనే పక్కనుందట.

"అమ్మ వాజ్ లిజనింగ్ టు సమ్‌వన్" అంది. "మార్నింగ్ అంతా. తల ఊపుతోంది, లైక్, ఊ కొడుతోంది. ఎవరితో అమ్మా అని అడిగాను." చలికి తన కళ్లలో నీళ్లు తిరిగాయి. "డాక్టర్ సెడ్ ఇట్స్ ద మెడిసిన్. మే బీ. ఐ డోంట్ నో. నీకు తెలుసా?"

నాకు తెలియదని చెప్పాను. "నువ్వలా అడిగితే ఆంటీ ఏమన్నారు?" అన్నాను.

తను గ్లవ్ వేసుకున్న చెయ్యెత్తి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, వాళ్లమ్మ ఎలా చేసిందో చూపించింది. చూపించాక కూడా ఆ వేలు తియ్యలేదు. ఇద్దరం అలాగే నిలబడ్డాం. మా చుట్టూ కార్లు ఒక్కొక్కటే స్టార్టయి, తెల్లటి పొగలు నిటారుగా పైకి లేస్తున్నాయి.